తరగతిలో పూచిన మొక్క

తరగతిగదిలో నాటిన చిక్కుడు మొలకెత్తును గాని, అది కాయ కాచులోపల పాఠమే ముగిసిపోవును. అందుచేత విత్తనమునుండి మరల విత్తనమువరకు సాగు మొక్క జీవితమును బాలబాలికలు పుస్తకమునందే చదువుదురు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వృక్షరోగములను పరిశోధించిన పాల్ విలియమ్స్, తన పనికై, ఆవకు దగ్గరి చుట్టములైన మొక్కలలో శీఘ్రముగా పూచువానిని ఏరి యేరి పెంచెను. అవి ఎడతెగని దీపకాంతిలో సుమారు 14 దినములకు పూచి, 40 దినములకు విత్తనము నిచ్చును. 1980వ దశకమున ఆ ప్రయోగశాల వానిని పాఠశాలలకు చేర్చెను.

విత్తనము పంచుట సులభమే. ఉపాధ్యాయులను రప్పించి, చచ్చిన తేనెటీగను పుల్లకంటించి పూవునుండి పూవునకు పుప్పొడి చేర్చు పద్ధతిని వారిచేతనే చేయించుట విశ్వవిద్యాలయము చేయదగిన అసలైన సాయము. అది లేనిచో విత్తనపు పొట్లము బీరువాలోనే పడియుండును. శిక్షణ పొందిన గురువు, "ఎరువు తగ్గించిన నేమగును?" అని శిష్యుడడుగగా తడబడడు, మరియొక కుండీలో విత్తించి, వానినే కనిపెట్టి చూడుమనును.