కర్రపెండలం కరకరలు

పోయిన నెల మనం 'దుంప', 'గడ్డ' అనే రెండు మాటలు నేర్చుకున్నాం. కోస్తా వాళ్ల బంగాళదుంప తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ఈ నెల ఆ దుంపలను వేయిద్దాం.

ముందు ఒక గొడవ తీర్చుకోవాలి. నేను ఉండే క్లోనీలో 'చిప్స్' అంటే వేలంత లావుగా కోసి వేయించిన బంగాళదుంప ముక్కలు. పలచగా, కరకరలాడుతూ ఉండే వాటిని ఇక్కడ 'క్రిస్ప్స్' అంటారు. 1954లో డబ్లిన్‌లో జో మర్ఫీ అనే ఆయన టేటో కంపెనీ పెట్టాడు. చీజ్, ఉల్లిపాయ రుచి కలిపిన క్రిస్ప్స్ అమ్మి పేరు తెచ్చుకున్నాడు. మా బడి పిల్లలకు అవంటే ప్రాణం. ఒకసారి "రేపు మీకు చిప్స్ తెస్తాను" అని చెప్పి మాయోక్ చిప్స్ తీసుకెళ్లాను. డబ్బా మూత తియ్యగానే పిల్లల ముఖాలు వాడిపోయాయి. వాళ్లు వేడివేడిగా, వెనిగరు చల్లిన లావుపాటి ముక్కలు వస్తాయనుకున్నారు. డబ్బా మాత్రం ఖాళీ అయిపోయింది లెండి.

మాయోక్ అంటే మారిషస్ వాళ్లకు చెప్పనక్కరలేదు. ఫిజీ వాళ్లు కసావా అంటారు. మరి తెలుగులో? చాలా ఏళ్లు నాకు తెలియదు. మా ఊరి గుడిలో శనివారం తెలుగు క్లాసుల్లో అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ నేర్పారు గానీ మాయోక్ నేర్పలేదు. ఇంట్లో అందరం క్రియోల్ మాటే వాడేవాళ్లం. మావాళ్లు మరిచిపోయిన తెలుగు మాటల్లో ఇదీ ఒకటి అనుకుని కొంచెం సిగ్గుపడేదాన్ని.

ఇక్కడ మా పక్కింట్లో కాకినాడ అమ్మాయి ఉంది. ఒకరోజు నా చేతిసంచిలో దుంప చూసి, "ఆంటీ, కర్రపెండలం ఎక్కడ దొరికింది?" అంది. ఎంత చక్కటి మాట! పెండలం అంటే నేలలో ఊరే ఒక దుంప. ఈ మొక్క కాండం కర్రలా ఉంటుంది, ఆ కర్ర ముక్కనే నాటుతారు. అందుకే కర్రపెండలం. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో దీని పిండితోనే సగ్గుబియ్యం చేస్తారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. నేను సగ్గుబియ్యం ఒక ధాన్యం అనుకునేదాన్ని!

ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు ఎనభై దాటాయి. "కర్రపెండలం అనే మాట విన్నావా అమ్మా?" "లేదు. పెండలం అంటే కంబార్. మా అవ్వ అనేది. మాయోక్ మాయోకే." అంతటితో ఆగలేదు. "అదెందుకు తింటున్నావు? అక్కడ బియ్యం దొరకవా?" అని అడిగింది.

అమ్మ కోపానికి కారణం ఉంది. యుద్ధకాలంలో జపాను బర్మాను ఆక్రమించాక మారిషస్‌కు బియ్యం రావడం ఆగిపోయింది. చెరకు తోటల్లో కొంత భూమి మాయోక్, మొక్కజొన్న, చిలగడదుంపలకు ఇచ్చారు. మా తాతగారి ఇంట్లో పూటపూటకూ అదే. అంతకు రెండు వందల ఏళ్ల ముందు ఆ దుంపను మారిషస్‌కు తెప్పించిన ఫ్రెంచి గవర్నరు లబూర్దొనె కూడా బానిసల తిండి కోసమే తెప్పించాడు. అలాంటి దుంప మా అమ్మకు చిరుతిండి ఎలా అవుతుంది?

తర్వాత తీరిగ్గా ఆలోచించాను. కర్రపెండలం దక్షిణ అమెరికా పంట. మన పెద్దలు 1840లలో కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన నాటికి గోదావరి ఒడ్డున ఈ తోటలూ లేవు, సగ్గుబియ్యం మిల్లులూ లేవు. అవన్నీ 20వ శతాబ్దంలో వచ్చినవి. మావాళ్లు ఈ మాటను మరిచిపోలేదు, వాళ్లకు అది అసలు ఉండనే లేదు. వాళ్లకు ఉన్న మాట పెండలం, అది అమ్మ దగ్గర భద్రంగానే ఉంది. ఇన్నేళ్లు ఊరికే సిగ్గుపడ్డాను.

ఇక వంట. అరకిలో దుంప చాలు. ఇక్కడి ఆఫ్రికన్, ఆసియా దుకాణాల్లో మైనం పూసిన దుంపలు దొరుకుతాయి. విరిచి చూస్తే లోపల తెల్లగా ఉండాలి. నల్లటి, నీలపు చారలుంటే వద్దు. పైన గోధుమరంగు తొక్క, దాని కింద లేత గులాబీ రంగులో మందమైన రెండో తొక్క ఉంటాయి. రెండూ తియ్యాలి. ఈ దుంపలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, తొక్కలో అది మరీ ఎక్కువ. అందుకే పచ్చిగా ఎప్పుడూ తినకూడదు. చేదుగా ఉంటే పారెయ్యండి. తొక్క తీశాక పలచటి బిళ్లలుగా కోసి, అరగంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి వార్చాలి.

తర్వాత ఆరబెట్టాలి. ఇక్కడే నేను తప్పు చేశాను. మొదటిసారి తొందరపడి, తడి ముక్కలన్నీ ఒకేసారి నూనెలో వేశాను. మూకుడులో నూనె సగానికి పైగా ఉంది. నురుగు పొంగి పొయ్యి మీద పడింది, పొగ లేచింది, అలారం మోగింది. పొయ్యి ఆపి మూకుడు మీద మూత పెట్టాను. నూనె మంటుకుంటే నీళ్లు మాత్రం పొయ్యకండి, మంట ఇంకా ఎగురుతుంది. అలారం విని పక్కింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పొగలోనే నిలబడి, "ఆంటీ, నూనె మూడో వంతు చాలు, ముక్కలు గుడ్డ మీద గంటసేపు ఆరాలి" అని పాఠం చెప్పింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, బుద్ధిగా విన్నాను.

నూనె 170 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక ముక్క వేసి చూడండి. చుయ్‌మని పైకి తేలాలి. గుప్పెడు గుప్పెడుగా వెయ్యండి. ముక్కలోని నీరు ఆవిరై పోతుంటే బుడగలు వస్తాయి. బుడగలు తగ్గి, గరిటె తగిలినప్పుడు గలగలమంటే తీసెయ్యాలి. రంగు కోసం ఆగితే మాడిపోతాయి. వేడి మీదే ఉప్పు, కారం చల్లాలి.

చామదుంపలు చేస్తే చేతులకు ముందు నూనె రాసుకోండి, లేకపోతే దురద. ఇక్కడి పార్స్‌నిప్, బీట్‌రూట్‌లలో చక్కెర ఎక్కువ, సన్న సెగ మీద వేయించాలి. బంగాళదుంపలు ఫ్రిజ్‌లో పెట్టినవైతే వాటిలోనూ చక్కెర పెరిగి త్వరగా నల్లబడతాయి.

ఈ నెల మాటలు: 'సలసల' కాగే నూనె, 'గలగల' లాడే ముక్కలు, 'కరకర' నమిలే పళ్లు. మూడింటినీ వాడి ఒక్కొక్క వాక్యం రాసి పంపండి.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకు ఒక ముక్క విరిచి వినిపించాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రెండో తొక్క తీశావా?" అని అడిగింది.