దేశానికి అవసరమని ఎవరు తేల్చాలి? ఎన్‌ఐడబ్ల్యూ మీద మా మాట

పీహెచ్‌డీలు చేస్తున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఎన్‌ఐడబ్ల్యూ గురించే. అంటే నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్. వాళ్ళకి రెండు రకాల జవాబులు దొరుకుతున్నాయి. కన్సల్టెన్సీ వాళ్ళు "ప్రొఫైల్ పంపండి, గ్రీన్ కార్డ్ వచ్చేసినట్టే" అంటున్నారు. మనవాళ్ళలో కొందరేమో "ఐటీడీఏ హాస్టల్లో తిని, సర్కారు డబ్బుతో చదివి, పరాయి దేశానికి సేవ చేస్తావా?" అని ఎత్తిపొడుస్తున్నారు. రెండూ తప్పే అని మేం అనుకుంటున్నాం.

ముందు సంగతేంటో చూద్దాం. అమెరికాలో ఈబీ-2 కేటగిరీలో గ్రీన్ కార్డ్ కావాలంటే మామూలుగా ఒక కంపెనీయో యూనివర్సిటీయో ఉద్యోగం ఇస్తామని ముందుకు రావాలి. ఆ పనికి తగిన అమెరికన్లు దొరకలేదని అక్కడి కార్మిక శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. మీరు చేసే పని ఆ దేశ ప్రయోజనానికి పనికొస్తుందని నిరూపిస్తే ఈ రెండూ మాఫీ. మీ పిటిషన్ మీరే వేసుకోవచ్చు. ఎలా నిరూపించాలో 2016 డిసెంబర్‌లో ధనసార్ కేసులో తేల్చారు. మూడు విషయాలు చూస్తారు. మీ పనికి విలువ, దేశస్థాయి ప్రాముఖ్యం ఉన్నాయా? దాన్ని ముందుకు తీసుకుపోయే సత్తా మీకుందా? మీకోసం ఆ మామూలు షరతులు పక్కనపెడితే అమెరికాకి లాభమా?

ఈ కేసులో మనవాళ్ళు బాగా చదవాల్సిన ముక్క ఒకటుంది. ఆ పరిశోధకుడిది ఏరోస్పేస్ ఇంజనీరింగ్, ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగంగా పోయే వాహనాల ఇంజన్ల మీద పని. చదివిందేమో చారిత్రకంగా నల్లజాతి పిల్లల కోసం పెట్టిన నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీలో. పరిశోధన చేస్తాను, పాఠాలూ చెప్తాను అని రాసుకున్నాడు. పరిశోధన నెగ్గింది. పాఠాలు చెప్పడం మాత్రం నెగ్గలేదు. మంచి పనే, కానీ దాని ప్రభావం మొత్తం విద్యారంగం మీద పడుతుందని రుజువు లేదు అన్నారు. మన గూడేల్లో మొదటి తరం పిల్లలకి అక్షరాలు నేర్పే టీచర్ల కంటే పెద్ద దేశసేవ ఏముందని మనం అడుగుతాం. అడగాలి కూడా. కానీ ఫైలు చూసే ఆఫీసర్ అడిగేది అది కాదు. మీ ల్యాబ్ గోడలు దాటి, మీ క్లాస్ దాటి, ఈ పని ఎక్కడి దాకా పోతుంది అని.

సికిల్ సెల్ మీద పనిచేసేవాళ్ళనే తీసుకోండి. "నేను మంచి సైంటిస్టుని, ఇన్ని పేపర్లు" అని రాస్తే సరిపోదు. అమెరికాలో ఆ జబ్బు ఎక్కువగా నల్లజాతి వాళ్ళకి వస్తుంది. 2023 డిసెంబర్‌లో అక్కడ జీన్ ఎడిటింగ్ మందుకి అనుమతి వచ్చింది, ధర 20 లక్షల డాలర్ల పైనే. మీ పద్ధతి ఆ ఖర్చు తగ్గిస్తుందా, మామూలు ఆస్పత్రి దాకా చేరుస్తుందా అన్నది చూపించాలి. మీ గైడ్‌తో పాటు, మీతో కలిసి పనిచేయని నిపుణులు కూడా ఉత్తరాలు రాస్తే బలం. 2025 జనవరిలో మార్గదర్శకాలు ఇంకా వివరంగా ఇచ్చారు, నింపేసిన ఫారాల్లాంటి పిటిషన్లకి రోజులు కావివి.

ఇంకోటి, కన్సల్టెన్సీ వాళ్ళు నోరెత్తనిది. పిటిషన్ అప్రూవ్ అయితే గ్రీన్ కార్డ్ వచ్చినట్టు కాదు. క్యూలో ఒక తేదీ దొరికినట్టు. ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండడంతో ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ-2 క్యూ పదేళ్ళకి పైగా వెనకబడి ఉంది. ప్రీమియం ఫీజు కడితే 45 పనిదినాల్లో నిర్ణయం చెప్తారు, అది పిటిషన్ మీద మాత్రమే. క్యూ ఒక్క రోజు కూడా ముందుకి జరగదు. అప్రూవల్‌తో హెచ్-1బీని ఆరేళ్ళు దాటి పొడిగించుకోవచ్చు, ఆ మేలు ఉంది. దానికి మళ్ళీ ఒక యజమాని ఉండాల్సిందే.

సర్కారు స్కాలర్‌షిప్ మీద వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త. ప్రభుత్వ డబ్బుతో జె-1 వీసా మీద వెళ్తే, గ్రీన్ కార్డ్‌కి ముందు రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలన్న షరతు పడుతుంది. ఎన్‌ఐడబ్ల్యూ ఆ షరతుని తీసేయదు. పేరులో వేవర్ ఉన్నా ఆ వేవర్ వేరు. వీసా ఎఫ్-1 ఆ, జె-1 ఆ అన్నది ఎక్కేముందే చూసుకోండి, దిగాక కాదు.

ఇక ద్రోహం మాట. దేశ ప్రయోజనం అన్న మాట మనకి కొత్త కాదు. 2014 విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు అని ప్రకటించింది, ముంపు మండలాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయాయి, లక్షకి పైగా కుటుంబాలు కదలాల్సిన లెక్కలోకి వచ్చాయి. కోయ, కొండరెడ్డి గూడేలని "దేశానికి మీ అవసరం ఏంటి" అని ఎవరూ అడగలేదు, మీ భూమి అవసరం అన్నారు. అట్లాంటి గూడెం నుంచి వెళ్ళిన పిల్లకి ఒక దేశం "నీ పని మాకు ఎందుకు అవసరమో రాసి చూపించు" అంటే, ఆ పిల్ల రాసి చూపిస్తే, అందులో ద్రోహం ఎక్కడుంది? (అమెరికాని పొగడడం లేదు. అక్కడి మూలవాసుల భూములు కూడా ఇలాంటి మాటలతోనే పోయాయి.)

అడగాల్సింది ఇక్కడివాళ్ళని. దేశం మొత్తం ఎస్టీలకి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20, అందులో పీవీటీజీలకి 3. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది, 2047 లక్ష్యం. అందులో రక్తం ఇచ్చేవాళ్ళం మనమే, మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేవాళ్ళలో మనవాళ్ళెందరు? విజయనగరం జిల్లాలో, ములుగులో కేంద్ర గిరిజన యూనివర్సిటీలు ఉన్నాయి. పీహెచ్‌డీ ముగించుకుని తిరిగొచ్చే మన పరిశోధకుడికి అక్కడ ల్యాబ్, పర్మనెంట్ పోస్టు ఉన్నాయా అని యూనియన్ తరఫున రాతపూర్వకంగా అడుగుదాం. వచ్చిన జవాబు ఇక్కడే పెడతాం.

అప్పటిదాకా పిటిషన్ వేసేవాళ్ళని ఒక్కటే కోరుతున్నాం. ఫైల్లో మీ పని గురించి రాసుకున్నది తెలుగులో, రెండు పేజీల్లో, ఈ గ్రూపులో పెట్టండి. పాడేరులో, ఉట్నూరులో డిగ్రీ చదివే పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పండి.