తాడు ఎన్ని మీటర్లు అని అడగండి

"ఇద్దరు పిల్లల తల్లివి, నీకెందుకమ్మా ఇవన్నీ?"

ఈ ఒక్క వాక్యం మీద నాకు చాలా కోపంగా ఉంది. రెండు నెలలుగా గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి, న్యూజెర్సీ నుంచి, మా వీధి చివర తెలుగువాళ్ళింటి నుంచి కూడా ఇదే వింటున్నాను. అన్నవాళ్ళంతా నా మేలు కోరేవాళ్ళే. ఎదురుగా ఏమీ అనలేక ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, జియోకాషింగ్ డబ్బా ఒకటి వెతకడానికి ఒక నిట్టనిలువు కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగాను. దీన్ని రాపెలింగ్ అంటారు.

జియోకాషింగ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం, మామూలు జనం వాడే జీపీఎస్‌లో తను కావాలని పెట్టిన తేడాని తీసేసింది. దాంతో మనిషి ఎక్కడున్నాడో అదివరకటి కన్నా చాలా దగ్గరగా తెలియడం మొదలైంది. వెంటనే మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన మా ఒరెగాన్‌లోనే బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర ఒక బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్టులో పెట్టి, వెతుక్కోండి అన్నాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉన్నాయట! అలా మొదలైన దాగుడుమూతల ఆటలో ఇప్పుడు లోకమంతా కలిపి ముప్ఫై లక్షలకు పైగా డబ్బాలున్నాయి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. అంతే, బహుమతులేమీ లేవు.

ప్రతి డబ్బాకీ రెండు అంకెలిస్తారు, 1 నుంచి 5 దాకా. ఒకటి వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో చెబుతుంది. పార్కు బెంచీ కిందిదైతే చేరడానికి 1. అదే 5 అని ఉంటే, పడవో స్కూబా సామానో తాడో లేకుండా అక్కడికి వెళ్ళలేరని అర్థం.

ఐదేళ్ళుగా పిల్లలతో మేం ఒకట్లు, రెండ్లు వెతుకుతున్నాం. వీడియో గేముల ముందు నుంచి వాళ్ళని లేపడానికి నాకు దొరికిన ఒకే ఒక్క ఉపాయం ఇది. ఇందులో ఎవరికీ ఏ పేచీ లేదు. పేచీ అంతా 5 దగ్గరే వచ్చింది.

రెండేళ్ళ కిందట మా వారు, ఆయన స్నేహితులు ముగ్గురు కలిసి మొదటి 5 చేశారు. రెండు సాయంత్రాలు వీడియోలు చూశారు, తాడు కొన్నారు, శనివారం పొద్దున్నే బయల్దేరారు. నలుగురికీ కలిపి ఒకటే హెల్మెట్. సాయంత్రానికల్లా ఫోటోలు వాట్సాప్‌లో పడ్డాయి. "సూపర్ బావా", "హీరోలా ఉన్నావు అన్నయ్యా", మామయ్యగారి నుంచి రెండు చప్పట్ల బొమ్మలు. ఇద్దరు పిల్లల తండ్రివి, నీకెందుకయ్యా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నా వంతు వచ్చేసరికి ఫోన్లు మోగిపోయాయి. వంట ఎవరు చేశారు? పిల్లల్ని ఎవరి దగ్గర వదిలావు? ప్యాంటు వేసుకునే దిగావా? ఒకావిడైతే, హార్నెస్ కట్టుకునే ముందు గాజులు తీశానని విని ఐదు నిమిషాలు బాధపడింది. మట్టిగాజు బండకి తగిలి పగిలితే చెయ్యి కోసుకుంటుంది, ఉంగరం ఎక్కడైనా ఇరుక్కుంటే వేలే పోతుంది, అందుకని తీశానండీ అన్నాను. "అయినా సరే, అశుభం కదా" అంది. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి వేలాడటం ఆవిడకి అశుభంగా తోచలేదు!

ఇన్ని ప్రశ్నల్లో తాడు గురించి ఒక్కటీ లేదు చూశారా? దేనికి కట్టావు, ఎంత పొడవు, నీతో ఎవరున్నారు, పైనుంచి ఎవరు చూస్తున్నారు... ఈ మాటలే లేవు. అంటే వీళ్ళ భయం కొండ గురించి కాదు. తల్లి అన్నది ఇంట్లో ఒక చోట ఉంచిన సామాను, అది కదలకూడదు. తండ్రి అయితే ఎక్కడికైనా వెళ్ళి వస్తాడు.

పోనీ, పిల్లల గురించే భయం అనుకుందాం. అప్పుడు లెక్క సరిగ్గా చూద్దాం. నేను హెచ్4 వీసా మీద వచ్చినదాన్ని. నాలాంటివాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నా వీసా ఆయన వీసాని పట్టుకుని వేలాడుతోంది. జీతం ఆయనది, ఇంటి లోను ఆయన పేరున, ఆరోగ్య బీమా ఆయన ఆఫీసుది. ఆయనకేమైనా అయితే దుఃఖం సంగతి అటుంచండి, ఈ దేశంలో నాకూ పిల్లలకీ నిలబడటానికి కాళ్ళ కింద చోటే ఉండదు. ఇల్లు కూలిపోయేది ఎవరు పడితే? మరి ఆయన దిగుతానంటే చప్పట్లేమిటి, నేను దిగుతానంటే శోకాలేమిటి?

నేను నాలుగు శనివారాలు క్లాసుకి వెళ్ళాను. మూడోవారం మాకు నేర్పే ఆవిడ, రాపెలింగ్‌లో మనుషులు ఎలా చనిపోతారో ఒక్కొక్కటే చెప్పింది. తాడుని మధ్యకి మడిచి, చెట్టుకో ఉక్కు రింగుకో తగిలించి, రెండు పాయలూ పట్టుకుని దిగుతారు. 60 మీటర్ల తాడైతే అలా దిగగలిగేది 30 మీటర్లే. ఒక పాయ పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉండి, చివర్లలో ముడి లేకపోతే, పొట్టి పాయ కొస మనిషి నడుం దగ్గరున్న పరికరంలోంచి జారిపోతుంది. ఇక బావిలోకి చేద జారినట్టే, తాడూ మనిషీ కిందికి. చివర ఒక్కో ముడి ఉంటే ఇది జరగదు. ఆ ముడి వెయ్యడానికి అర నిమిషం పడుతుంది.

ఇంటికొచ్చి మా వారిని అడిగాను, "మీరప్పుడు తాడు చివర ముళ్ళు వేశారా?" అని.

"ముళ్ళెందుకు?" అన్నారాయన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరైనా "నీకెందుకయ్యా" అని గట్టిగా అడిగి ఉంటే, ఆయన కాస్త తడుముకునేవారు. తడుముకుంటే నేర్చుకునేవారు. మగవాణ్ణి ఎవరూ అడగకపోవడం ఆయనకి స్వేచ్ఛ అనుకుంటాం గానీ, అది ఆయన ప్రాణం మీద అందరూ కలిసి చూపించిన అశ్రద్ధ.

నేర్చుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి. తాడు ఒకే చెట్టుకి, ఒకే రింగుకి కట్టకూడదు, ఒకటి ఊడినా పట్టి ఉంచడానికి రెండోది ఉండాలి. చెయ్యి జారినా మనిషి ఆగేలా, పరికరం కింద తాడుకి ఒక సన్నతాడు చుడతారు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. చేతులు వదిలేసి చూపించమన్నారు, వదిలేశాను, ఆగింది! జడ విషయం మాత్రం ఆడవాళ్ళందరూ గుర్తు పెట్టుకోండి. వదులుగా ఉన్న జుట్టు, చున్నీ, బయటికి వేలాడే మంగళసూత్రం, ఏదైనా ఆ పరికరంలోకి లాక్కుపోతే మధ్యలో ఇరుక్కుపోతాం. నేను జడని ముడి చుట్టి హెల్మెట్ కింద పెట్టాను, సూత్రాలు బనీను లోపల వేసి పిన్నీసు పెట్టాను. హార్నెస్‌లో కదలకుండా ఎక్కువసేపు వేలాడటం కూడా ప్రమాదమే, రక్తం కాళ్ళలోకి దిగి నిలిచిపోతుంది. కాబట్టి "ఇరుక్కుంటే ఎవరైనా వచ్చేదాకా ఆగుదాంలే" అనే మాట పనికిరాదు.

పైగా ఈ డబ్బాలు ఊళ్ళో ఉండవు. మేం వెళ్ళింది మధ్య ఒరెగాన్‌లో, కారు రోడ్డు వదిలాక గంటన్నర నడక. చుట్టూ జూనిపర్ చెట్లు, నల్లరాయి, గాలి. ఫోనుకి సిగ్నల్ లేదు. ఒరెగాన్‌లో ఇలాంటిచోట మనిషి చిక్కుకుంటే వెతికించే బాధ్యత ఆ కౌంటీ షెరీఫ్‌ది, వచ్చేవాళ్ళలో చాలామంది జీతం లేని వలంటీర్లు. వాళ్ళకి కబురు అందాలి, వాళ్ళు ఇళ్ళ నుంచి రావాలి, తాళ్ళు మోసుకుంటూ నడవాలి. అందుకని ఉపగ్రహం ద్వారా మెసేజి పంపే చిన్న యంత్రం అద్దెకి తీసుకెళ్ళాం. జీపీఎస్ ఇంకో తమాషా చేస్తుంది. ఇచ్చిన అంకెల్లో ఎత్తు ఉండదు కాబట్టి, అంచు మీద నిలబడితే ఫోను "చేరుకున్నారు" అని చూపిస్తుంది. డబ్బా మాత్రం మన పాదాల కింద ఇరవై మీటర్ల లోతులో ఒక గట్టు మీద ఉంటుంది. ఫోను చూస్తూ ఇంకో అడుగు వేసేవాళ్ళ కోసం అక్కడ కంచె లేదు. ఆ డబ్బా వివరాల్లో తాడు బొమ్మ ఉంటుంది తప్ప, నీకు దిగడం వచ్చా అని అడిగేవాళ్ళెవరూ ఉండరు. అడగాల్సింది ఇంట్లోవాళ్ళే.

నల్లమల చెంచుల గురించి ఒక మాట చెబుతుంటారు. కొండ చరియల్లో తేనె పట్టు తీయడానికి తాడు మీద దిగేటప్పుడు, పైన తాడు కాసే పని బావమరిదికి అప్పగిస్తారట. అక్కో చెల్లెలో విధవ కావాలని ఎవడూ కోరుకోడు కదా! దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని మన ఊళ్ళల్లో కూడా అంటారు. చూడండి, అక్కడ కూడా ఇంట్లో భార్యాబిడ్డలున్నారు, ప్రమాదం ఉంది. వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం "తాడు ఎవరి చేతిలో ఉంది?" అని.

పెద్ద పెద్ద దేశాల వాళ్ళు మనకంటే నయం అనుకోకండి. అలిసన్ హార్‌గ్రీవ్స్ అనే బ్రిటిష్ ఆవిడ 1995 మేలో ఆక్సిజన్ సీసా లేకుండా ఎవరెస్టు ఎక్కింది. అదే ఏడాది ఆగస్టులో కె2 శిఖరం ఎక్కి దిగుతూ తుఫానులో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. పత్రికలు ఆవిడ చనిపోయాక కూడా వదల్లేదు, పిల్లల్ని పెట్టుకుని ఎలా వెళ్ళింది అని రాశాయి. ఆ తుఫానులో మగవాళ్ళూ పోయారు. వాళ్ళని అలా నిలబెట్టి అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

మన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కితే మా చుట్టాలందరూ "మన తెలంగాణ బిడ్డ" అని ఎంత పొంగిపోయారో నాకు గుర్తుంది. ఆ పిల్ల మొదట కొండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. అరుణాచల్ ఆవిడ అన్షు జామ్‌సెన్పా, ఇద్దరు కూతుళ్ళ తల్లి, 2017 మేలో ఐదు రోజుల తేడాలో రెండుసార్లు ఎవరెస్టు ఎక్కింది. టీవీలో చూస్తే గర్వం, మనింట్లో కోడలు ఇరవై ఎనిమిది మీటర్లు దిగితే అప్రదిష్ట!

మా అమ్మ భయాన్ని మాత్రం నేను తీసిపారెయ్యను. ఆవిడ మూడురోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "కారు నడపడం కంటే ఇది నయమే కదమ్మా" అని మా వారు సర్దిచెప్పబోయారు. ఆ వాదన నాకు నచ్చదు. కారు అవసరం కోసం నడుపుతాం, దీంట్లో సరదా తప్ప అవసరమేమీ లేదు. సరదా కోసం ప్రమాదంలోకి వెళ్ళేటప్పుడు, పిల్లలున్నవాళ్ళు ఒకటికి పదిసార్లు ఆలోచించాల్సిందే. అమ్మ అన్నదాంట్లో ఆ ముక్క నూటికి నూరుపాళ్ళు నిజం. "పిల్లలున్నవాళ్ళు" అన్న మాటలో తండ్రి కూడా ఉన్నాడని మాత్రమే నేను గుర్తు చేస్తున్నాను. అందుకే మా ఇంట్లో ఇప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒకే రోజు ఇద్దరం తాడు మీదకి వెళ్ళం. ఒకరు దిగితే ఒకరు దూరంగా పిల్లలతో ఉంటారు. నేర్చుకోనివాళ్ళతో వెళ్ళం. ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు చేత్తో ముట్టుకుని చూడాలి. గ్యాసు కట్టేశామా, తలుపు వేశామా అని బయటికెళ్ళే ముందు రెండుసార్లు చూసుకునే అలవాటు మనకెలాగూ ఉంది, దాన్ని చూసి నవ్వే మగవాళ్ళు కొండ దగ్గర నవ్వరు. మా వారు కూడా క్లాసుకి వెళ్ళొచ్చారు. మొదటిరోజు కాస్త మొహం ముడుచుకున్నారు గానీ, తర్వాత సర్దుకున్నారు.

ఇంకో మాట. భర్త ఇలాంటివాటికి బయల్దేరుతుంటే అడగడానికి మొహమాటపడే అక్కలూ చెల్లెళ్ళూ, అడిగితే పిరికిది అంటారని, ఆయన సరదా చెడగొట్టిందంటారని ఊరుకోకండి. అననివ్వండి. తాడు పొడవెంత, కొండ ఎత్తెంత, చివర ముడి ఉందా, దేనికి కడుతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, రాకపోతే నేను ఎవరికి ఫోను చెయ్యాలి. బండి తాళాలిచ్చే ముందు అడగండి.

వచ్చే నెల మావారి ఆఫీసు కుర్రాళ్ళు ఇద్దరు అదే కొండకి వెళ్తున్నారు. ఒకతనికి ఏడాది నిండని పాప ఉంది. మొన్న భోజనానికి వచ్చినప్పుడు తాడు ఎన్ని మీటర్లు అని అడిగాను. "ఏం కాదులెండి వదినగారూ, చాలా పొడుగ్గానే ఉంది" అన్నాడు. వాళ్ళావిడ ముందే, కొలిచి చెప్పమన్నాను.