రంగూన్ కష్టం మరిచిపోతే ఎలా?

హైదరాబాద్ మూసారాంబాగ్ నుంచి దక్షిణంగా ఓ పది కిలోమీటర్లు వెళితే బాలాపూర్. గణేశ్ లడ్డూ వేలంపాటతో పేరుమోసిన ఊరు. ఆ చుట్టుపక్కల ఖాళీ జాగాల్లో కర్రలు పాతి, టార్పాలిన్లు కప్పుకుని రోహింగ్యా కుటుంబాలు ఏళ్ల తరబడి బతుకుతున్నాయి. మయన్మార్‌లో 2012 అల్లర్ల తర్వాత కొందరు వచ్చారు. 2017 ఆగస్టులో అక్కడి సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టినప్పుడు ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

వీళ్లను చూసి ముఖం తిప్పుకునే తెలుగువాళ్లు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు బర్మా అనిపించుకున్న ఆ మయన్మార్ నుంచే మనవాళ్లూ కట్టుబట్టలతో పారిపోయి వచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు వాళ్లను కోరంగీలు అన్నారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె ముగియగానే, వాళ్ల స్థానంలో పెట్టుకున్న బర్మీయులను పనిలోంచి తీసేశారు. ఆ కోపం తెలుగు కూలీల మీద విరుచుకుపడింది. వందమందికి పైగా చనిపోయారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. ఓడలో చోటు దొరికినవారు బతికి బయటపడ్డారు. దొరకనివారికి నడకే దిక్కయింది. అరకాన్ కొండలు దాటి కొందరు, మణిపూర్ దారిన ఇంకొందరు, అస్సాం అడవుల్లోంచి మరికొందరు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే పొట్టనపెట్టుకున్నాయి. అంత విపత్తులోనూ తెల్లవాళ్లకు మెరుగైన దారి, నల్లవాళ్లకు మరో దారి!

రెండోసారి మనవాళ్లను తరిమింది నే విన్. 1962లో అధికారం చేజిక్కించుకున్న ఆ సైనికాధికారి 1964లో దుకాణాలను జాతీయం చేశాడు. మేలో 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేశాడు. జీవితకాలం కూడబెట్టినదంతా చిత్తుకాగితమైంది. అయితే ఈసారి వచ్చినవాళ్లను భారత ప్రభుత్వం తనవాళ్లుగా చూసింది. ఓడలు పంపింది, రుణాలిచ్చింది. 1969లో వాళ్లకోసం రెప్కో బ్యాంకు పెట్టింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది.

బాలాపూర్ గుడిసెల్లో ఉన్నవాళ్లకు ఆ 'తనవాళ్లు' అన్న మాటే లేదు. 1982 పౌరసత్వ చట్టంతో సొంత దేశమే వాళ్లను పరాయివాళ్లను చేసింది. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. కాబట్టి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు చేతిలో ఉన్నా అది పూర్తి రక్షణ కాదు. వాళ్లు భారతీయులు కారు, నిజమే. అందుకని మనుషులు కాకుండా పోరు. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాల్సిందేనని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చిచెప్పింది. ఎవరైనా నేరం చేస్తే ఆ ఒక్కరిని చట్టం పట్టుకోవాలి. బస్తీ మొత్తాన్ని నేరస్థుల కింద జమకట్టడం అన్యాయం.

ఎవరు శరణార్థో, ఎవరు కాదో పోలీసు స్టేషన్ దయాదాక్షిణ్యాలకు వదిలేయకుండా కేంద్రం ఒక చట్టం తేవాలి. అది వచ్చేదాకా బాలాపూర్ పిల్లలకు సర్కారు బడిలో సీటు, గర్భిణులకు సర్కారు దవాఖానాలో కాన్పు ఏ కాగితమూ అడగకుండా దొరికేలా తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.