కంప్యూటరులో మన వత్తులు

గత మాసమున అవనిగడ్డనుండి మా పినతల్లిగారు పంపిన యీమెయిలు బెజవాడలోని మా యింటికి వచ్చినది. తెఱచి చూతుముగదా, పుటనిండ చిన్న చిన్న డబ్బాలే! నడుమ 14, 9-30 అను అంకెలు మాత్రము కనుపించినవి. తేదీ తెలిసినది, వేళ తెలిసినది. కార్యము శుభమో యశుభమో తెలియలేదు. ఫోను చేసిన నామె తీయలేదు. మేము పడిన కలవర మింతంత కాదు.

ఆ వారమే మా మఱది పాత కంప్యూటరులో లినక్సు నెక్కించియుండెను. "వదినా, బ్రౌజరు చెడలేదు, తెలుగు ఫాంటు లేదంతే" యని మండలి యను ఫాంటును దింపి చేర్చెను. అక్షరములు చక్కగ నిలిచినవి. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను విద్యామంత్రిగా జరిపించిన దివిసీమవారు మండలి వెంకట కృష్ణారావుగారి పేరిట వెలసిన ఫాంటు అది. ఎవ్వరైనను వెల యీయక వాడుకొనవచ్చును.

అయితే ఫాంటొక్కటియే చాలదు. అచ్చుకూటమున టైపు ఉన్నంతమాత్రమున పుట తయారగునా? కూర్చు కంపోజిటరు వలయును. బ్రౌజరులో నా పని చేయునది రెండరింగు ఇంజను. "లక్ష్మి" యను పేరు కంప్యూటరునకు ఏడు గుర్తుల వరుస: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. కట్టకడపట వచ్చిన గుడి పైకెక్కి 'క' తలపై నిలువవలెను. తక్కిన హల్లులు వత్తులై దిగవలెను. లినక్సుపై ఫైర్‌ఫాక్సు, క్రోమియము రెండును ఈ కూర్పునకు హర్ఫ్‌బజ్ అను సాధనమునే నమ్ముకొన్నవి. పారసీకమున హర్ఫ్ అనగా అక్షరము, బాజ్ అనగా తెఱచినది.

ఇంజనుల వంశావళి వినోదముగ నుండును. లినక్సు ప్రియులైన కేడీఈ వారు స్వచ్ఛందముగ కేహెచ్‌టీఎంఎల్ అను ఇంజనును చేసిరి. దానిని గైకొని ఆపిల్ వారు వెబ్‌కిట్ చేసి, 2003లో సఫారీతో వెలువరించిరి. 2013లో గూగుల్ వారు దానినుండి బ్లింక్ అను శాఖను వేఱు చేసిరి. నేడు క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ మొదలగునవన్నియు బ్లింక్ సంతతియే. కేడీఈ వారి కాంకరర్ సైతము, అవ్వ మనుమరాలి పంచ జేరినట్లు, ఆ యింజనుతోనే నడచుచున్నది! ఫైర్‌ఫాక్సులోని గెకో మాత్రము వేఱు వంశము. అందఱు నొక్క వంటింటిపైననే యాధారపడుట మాకు రుచింపదు. కావున మా యింట రెండు బ్రౌజరులు నుంచితిమి.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను అక్షరము, నడుమ కంటికగపడని సంకేతముతో జేరి వచ్చినపుడు, ఐఫోనులలో సందేశముల యాప్‌లు కుప్పగూలినవి. కొలది దినములలో దిద్దిరి, నిజమే. కాని యంతవఱకు తెలుగువారు వేచియుండుట తప్ప చేయగలిగినది లేదు. హర్ఫ్‌బజ్ వంటివాని సోర్సు కోడు బయటనే యుండును. నేర్చినవారు తామే చూచి దిద్ది పంపవచ్చును. నేర్వని మనము సైతము పదమును, చిత్రమును జతచేసి దోష మిదియని వ్రాయవచ్చును. డబ్బాలు కనుపించిన ఫాంటు కొఱత. అక్షరములుండి వత్తులు విడిపోయినచో కూర్పు దోషమని తలపవలెను.

ఇంతకు 14వ తేదీ పినతల్లిగారి మనుమని యన్నప్రాశనమట! వెండి గిన్నె కొనుటకు మాకు రెండు దినములే మిగిలెను.