రేగడిలో కరెంటు సరే, ముందు జాబితాలో ఊరి పేరేదీ?

రేగడి నేల సంగతి మార్కాపురం, గిద్దలూరు పిల్లోళ్ళకి కొత్తగా చెప్పేదేముంది? తడిస్తే బంక, ఎండితే కాలు దిగేంత నెర్రె. అలాంటి మట్టిలో పురుగుమందో, మాడిన ఇంజనాయిలో దిగిందంటే నీళ్ళు పెట్టి కడిగినా పోదు. నీళ్ళు లోపల కదిలితే గదా కడిగేది.

దానికి కరెంటుతో ఒక ఉపాయం ఉంది. నేలలో రెండు కడ్డీలు దింపి డీసీ కరెంటు ఇస్తే, బంకమట్టి సందుల్లో నీళ్ళు ప్లస్ కాడ్నుంచి మైనస్ వైపు నడుస్తాయి. ఇది 1809 నాటికే తెలిసిన సంగతి. నూనె నీళ్ళలో కరగదు కాబట్టి సబ్బులాంటి రసాయనం కలపాల, జిడ్డు గిన్నె తోమినట్టు. మన కుంకుడు రసానిదీ అదే గుణం. దాంతో మట్టి కడిగి చూసిన పరిశోధన 1997లో అమెరికాలో అచ్చయింది. ఉస్మానియాలో సివిల్ చదివి షికాగోలో ప్రొఫెసరైన కృష్ణారెడ్డి గారు ఈ పనిలో పేరున్న మనిషి. ఆయన ల్యాబులో ఐదు రోజులు కరెంటిచ్చి రెండు రోజులు ఆపితే మురికి బాగా కదిలింది. (కరెంటు ఆపడంలో మన అనుభవం ముందు అదెంత!)

అయితే అది ల్యాబులో తెల్లబంక మట్టి. మన రేగడి ఉబ్బుతది, సున్నం ఎక్కువ. మైనస్ కాడ చేరిన మురికి నీళ్ళని తోడి శుద్ధి చేయకపోతే విషం జాగా మారినట్టే గానీ పోయినట్టు కాదు. షెడ్డు వెనక గుంటకైతే సరే, ఎకరాలకి కుదరదు. ఇక దీంతో ఫ్లోరైడ్ పోగొడతామని ఎవరన్నా మిషను తెస్తే నమ్మబాకండి. మన ఫ్లోరైడ్ రాతిలోంచి బోరు నీళ్ళలోకి దిగేది. దానికి వెలిగొండ నీళ్ళు రావాల్సిందే.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న జాగాల జాబితాని స్థానిక సంస్థో, జిల్లా అధికారులో ఆరు నెలలకోసారి కాలుష్య నియంత్రణ మండలికి పంపాల. మండలి 90 రోజుల్లో తొలి పరిశీలన చేయాల. నేల చెడగొట్టినోడే ఖర్చు భరించాల. గనుల కాలుష్యాన్ని మాత్రం తప్పించారు, అంటే మార్కాపురం పలకరాయి గుట్టలకి ఈ దారి లేనట్టే. అది నాకు నచ్చలా.

దేశంలో 103 స్థలాలు గుర్తిస్తే, ఆ నిబంధనలొచ్చే నాటికి శుద్ధి మొదలైంది 7 చోట్లే. జాబితాకెక్కినోళ్ళ గతే అది, ఎక్కనోళ్ళని అడిగేదెవరు? మూతబడ్డ బంకు, పాత మందుల గోడౌను, మెకానిక్ షెడ్డు వెనక జాగా, ఏదున్నా సర్వే నంబరుతో అర్జీ రాసి పంచాయతీలో ఇయ్యండి. రసీదు మాత్రం తీసుకోండి.