హాజరుపట్టీలో లేని జబ్బు

మన విద్యార్థి సంఘం ఏటా వెలువరించే ఈ సంచికలో నిరుద్యోగం, వరకట్నం, మాతృభాష వంటి విషయాలపై వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. రావలసిందే. కానీ మన తరగతి గదుల్లో సగంమందిని నెలనెలా తాకే విషయం ఒకటుంది. దాని గురించి ఒక్క పేరా అయినా నేను ఇందులో చూడలేదు. ఈ కళాశాలలోనే ఎమ్మెస్సీ చదివి, ఇక్కడే పదకొండేళ్లుగా కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నదాన్ని కనుక, ఆ చనువుతో రాస్తున్నాను. విషయం బహిష్టు నొప్పి, అధిక రక్తస్రావం. పేజీ తిప్పేయబోతున్న సోదరులు కూడా కాస్త ఆగి చదవాలని మనవి.

నెలసరిలో కాస్త కడుపునొప్పి, నడుం లాగడం చాలామందికి ఉండేదే. నేను చెప్పేది అంతకు మించినదాని గురించి. తొడలు, పిక్కలు లాగేసి, వాంతులై, నిలబడితే కళ్లు తిరిగే నొప్పి. గంటన్నరకోసారి ప్యాడ్ మార్చుకోవలసి వచ్చేంతగా, గడ్డలు గడ్డలుగా పోయే రక్తం. నాకు పధ్నాలుగో ఏటి నుంచీ ఇదే వరస. మూడు గంటల ప్రాక్టికల్ క్లాసులో పిల్లల టైట్రేషన్ రీడింగులు చూస్తూ, కళ్లు బ్యూరెట్ మీద, మనసు చీర వెనుక భాగం మీద పెట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. ఆ రోజులకని ముదురు రంగు చీరలు విడిగా పెట్టుకుంటాను. బస్సులో సీటు దొరికినా కూర్చోవాలంటే భయం.

ఇందులో కర్మ, శాపం ఏమీ లేవు. గర్భాశయపు లోపలి పొర ఊడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి గర్భాశయ కండరాన్ని బిగిస్తాయి. అవి ఎక్కువగా తయారయ్యేవారిలో బిగింపూ ఎక్కువే, నొప్పీ ఎక్కువే. మెఫినమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ వంటి మందులు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి. అవి అందరికీ పడవు గనుక డాక్టరు చెప్పిన మేరకే వాడాలి. కొందరిలో నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. అంటే ఆ లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సంతానం కలిగే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంది. ఇక రక్తం సంగతి. నెలసరిలో మామూలుగా పోయేది 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికమని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఇంట్లో కొలిచి చూసేదెవరు? గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, ఏడు రోజులు దాటి పోతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే.

మన ఇళ్లలో దీనికి చెప్పే వైద్యం ఏమిటి? "పెళ్లయితే అదే పోతుందిలేవే." పెళ్లయ్యాక, "ఒక కాన్పు కానీ, అన్నీ సర్దుకుంటాయి." ఈలోగా ఒంట్లో రక్తం పోతూనే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందుకు తిండి కూడా కారణమే, కాదనను. కానీ "మెట్లెక్కితే ఆయాసం వస్తోంది మేడమ్" అన్న అమ్మాయిని సరిగ్గా తినవని కోప్పడతాం గాని, నెలకెన్ని రోజులవుతోందని అడగం. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే ఒక లోపాన్ని 1926లో ఫిన్లాండ్ వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్ వివరించాడు. ఆయన చూసిన కుటుంబంలోని ఒక బాలిక పదమూడో ఏట, నాలుగో నెలసరిలో, రక్తస్రావంతోనే మరణించింది. అటువంటి లోపం బయటపడే మొదటి గుర్తు అధిక రక్తస్రావమే కావచ్చు.

ఇదే దారికి రెండో కొస మన ఊళ్లలోనే ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం మన రెండు రాష్ట్రాల్లోనూ దేశ సగటుకు రెట్టింపు పైనే. నలభై కూడా నిండకుండానే "సంచి తీయించేశాను" అనే అమ్మలు మీలో ఎందరికి లేరు? రక్తాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, హార్మోన్ మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్ వంటి మార్గాలున్నాయని వారిలో ఎందరికి చెప్పారు? పదిహేనేళ్లప్పుడు నోరెత్తనివ్వం, ముప్పై అయిదేళ్లకు ఆపరేషన్ బల్ల ఎక్కిస్తాం.

ఇక సెలవు మాట. బీహార్‌లో ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు 1992లోనే ఇచ్చారు. కేరళ 2023లో తన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థినులకు కావలసిన హాజరును 75 నుంచి 73 శాతానికి తగ్గించింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు, సెలవు తప్పనిసరి చేస్తే స్త్రీలకు ఉద్యోగాలివ్వడానికే జంకుతారేమోనన్న శంక వెలిబుచ్చి, విధానం తేల్చే పని ప్రభుత్వాలకు వదిలింది. మా స్టాఫ్ రూంలో ఒక పెద్దావిడ కూడా అదే అన్నారు: "నీకు సెలవిస్తే రేపు మా అమ్మాయికి ఉద్యోగం ఇవ్వరమ్మా." ఆ భయం వట్టిది కాదు. ప్రసూతి సెలవు విషయంలోనూ ఉన్న భయమే అది. అలాగని ప్రసూతి సెలవు ఎత్తేయమని ఎవరూ అడగడం లేదే! ఆడది అయినందుకు సెలవు అక్కర్లేదు. జబ్బు పడింది కనుక ఇవ్వాలి, అది నెలనెలా వచ్చే జబ్బు అయినా సరే.

లెక్క చూడండి. సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకుందాం. నాలుగైదు నెలసరులు, రెండేసి రోజుల చొప్పున ఎనిమిది నుంచి పది రోజులు. అంటే పది శాతం చుట్టూ. 2 శాతం సడలింపు రెండు రోజులకైనా రాదు. హాజరు తగ్గితే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజు తప్పవు. జ్వరానికి ఒకసారి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. నెలనెలా వచ్చేదానికి నెలనెలా ఎవరి చుట్టూ తిరగాలి?

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. డాక్టరు ఒకసారి రాసిచ్చిన చీటీ ఏడాదంతా చెల్లాలి. ప్రాక్టికల్ తప్పిపోయిన అమ్మాయి మరో బ్యాచ్‌తో చేసుకునే వీలుండాలి. ల్యాబుల్లో నాలుగు స్టూళ్లు వేయాలి. లేడీస్ రూంలో ఒక మంచం, బాత్రూముకు గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. పరీక్ష హాల్లో రెండోసారి బాత్రూముకు అడిగిన అమ్మాయిని దొంగను చూసినట్టు చూడకూడదు. ఏడాదికొకసారి లేడీ డాక్టరును పిలిచి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. మంచానికి, స్టూళ్లకు అయ్యే ఖర్చు వార్షికోత్సవం మైకు సెట్టు ఖర్చును మించదనుకుంటాను.

తోటి అధ్యాపకులకు ఒక మాట. "ఒంట్లో బాగాలేదు సార్" అని ఒక అమ్మాయి తలవంచుకుని అంటే, ఇంకో ప్రశ్న వేయకండి. విద్యార్థినులకు ఒక మాట. ఓర్చుకోవడాన్ని గొప్ప గుణంగా మీకు నేర్పి ఉంటారు. నొప్పికి నెలకు రెండు రోజులు మంచం పడుతున్నప్పుడు మాత్రం ఓర్పు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇక వచ్చే ఏడాది సంఘం ఎన్నికల్లో నిలబడబోయే అభ్యర్థులకు: మీ కరపత్రంలో క్యాంటీన్ ధరల కింద ఈ మంచం, గడియ, చీటీల సంగతి కూడా ఒక వాక్యం వేయండి. ఏ ప్యానెల్ వేసినా సరే, నేను ఆ కరపత్రాన్ని దాచుకుంటాను, తర్వాత అడుగుతాను కూడా.